పెరట్లో దొరికిన హేనర్ విస్కీ సీసా: ఏ ఏటిదో ఎలా తెలుసుకోవాలి?

గోంగూరమడి (డేటన్, ఒహాయో)

అందరికీ నమస్కారం. రెండేళ్ల కిందట డేటన్‌లో గ్రేట్ మయామీ నదికి దగ్గర్లో ఒక పాత ఇల్లు కొనుక్కున్నాం. ఈ వేసవికి గోంగూర, బీర పెడదామని పెరట్లో వెనక కంచె పక్కన మడి తవ్వుతుంటే రెండడుగుల లోతులో పారకు గాజు తగిలింది. పార పక్కన పడేసి చేత్తో మట్టి తీశాను. ఎక్కడా బీట కూడా లేని సీసా. పొడవు పదకొండున్నర అంగుళాలు, గుండ్రటి ఒళ్లు, సన్నటి మెడ.

కడిగాక ఉబ్బెత్తు అక్షరాలు బయటపడ్డాయి. ఒంటి మీద 'హేనర్ డిస్టిలింగ్ కంపెనీ, డేటన్, సెయింట్ లూయిస్, అట్లాంటా, సెయింట్ పాల్, డిస్టిలర్స్' అని ఉంది. అడుగున 'డిజైన్ పేటెంటెడ్ నవంబర్ 30, 1897'. గాజు తెల్లదే కానీ తెల్ల కాగితం మీద పెడితే లేత వంగపండు ఛాయ కనిపిస్తోంది.

అంటే ఇది 1897లో చేసిందే కదా? మా ఇల్లు 1911లో కట్టినట్టు కౌంటీ రికార్డుల్లో ఉంది. అంతకు పద్నాలుగేళ్ల ముందు సీసా మా పెరట్లోకి ఎలా వచ్చింది? ఏడో తరగతి చదివే మా అమ్మాయి దీని కథంతా తేల్చాల్సిందేనని పట్టుబట్టి కూర్చుంది. ఎక్కడ మొదలుపెట్టాలో చెప్పండి.

గాజుపెంకు (పిట్స్‌బర్గ్)

మంచి వస్తువు దొరికింది, పారతో పగలగొట్టనందుకు ముందు అభినందనలు.

పాత సీసాలు చూసే ప్రతివాళ్లూ మొదట పడే పొరపాటు ఇదే. సీసా మీదున్న పేటెంట్ తేదీ ఆ ఆకారానికి హక్కు ఇచ్చిన రోజు. ఆ తర్వాత అదే అచ్చులో, అలాంటివే ఇంకో పది అచ్చుల్లో ఏళ్ల తరబడి సీసాలు ఊదుతూనే ఉంటారు. కాబట్టి ఆ అక్షరాలు మీకు చెప్పేది ఒక్కటే: ఈ సీసా 1897 నవంబర్ 30 కంటే ముందుది కాదు. ఆ గీతకు ఇవతల ఎంత దూరంలో ఉందో వేరే ఆనవాళ్లతో తేల్చుకోవాలి.

ఇంకా పెద్ద ఉదాహరణ చెప్తాను. ఫిలడెల్ఫియా వ్యాపారి ఇ.జి. బూజ్ పేరుతో గుడిసె ఆకారంలో ఒక విస్కీ సీసా ఉంది. దాని మీద 1840 అని పెద్దగా ఉంటుంది. అసలు సీసాలు చేసింది 1860ల ప్రాంతంలో. తర్వాత 1930ల నుంచి దానికి నకళ్లు వచ్చాయి, వాటి మీదా అదే 1840. ఆ అంకె చూసి డబ్బు పెట్టినవాళ్లు ఎందరో.

మీరు ఇప్పుడు మూడు చూసి చెప్పండి. సీసా రెండు పక్కలా అచ్చు అతుకు గీత ఉంటుంది కదా, అది మెడ మీదుగా పైకి వెళ్లి మూతి పైఅంచు దాకా పోయిందా, మధ్యలో మాయమైందా? అడుగున ఈక అంచులా వంకరగా, పెద్ద వలయం లాంటి మచ్చ ఉందా? భుజం మీద, అక్షరాల కొసల్లో సూదిమొన అంత బుడిపెలు వేలికి తగులుతున్నాయా? మామూలు భూతద్దం చాలు.

గోంగూరమడి

అమ్మాయితో కలిసి ఇప్పుడే చూశాం. గీత మెడ పైభాగం దాకా వచ్చి మూతి కింద అర అంగుళంలో మెల్లగా కలిసిపోయింది. మూతి చుట్టూ మాత్రం అడ్డంగా సన్నటి గీతలు, కుమ్మరి సారె మీద తిప్పినట్టు ఉన్నాయి. అడుగున మచ్చ లేదు. బుడిపెలు ఉన్నాయి, భుజం మీద నాలుగు లెక్కపెట్టింది అమ్మాయి.

గాజుపెంకు

అయితే ఇది నోటితో ఊదిన సీసా. అచ్చులో ఊది, బయటికి తీశాక మూతిని మళ్లీ కాల్చి, పనిముట్టు పెట్టి గుండ్రంగా తిప్పుతూ దిద్దారు. ఆ తిప్పుడుకే అతుకు గీత చెరిగిపోయింది, మీరు చూసిన అడ్డగీతలు ఆ పనిముట్టువే. ఇంకా పాత పద్ధతిలో మూతికి విడిగా గాజు ముద్ద అతికించేవారు. అప్పుడు గీత ఆ ముద్ద కింద టక్కున ఆగిపోతుంది, మెల్లగా కలిసిపోదు. మీది దిద్దిన మూతి. 1890ల నుంచి 1910ల మధ్య విస్కీ సీసాల్లో ఎక్కువగా కనిపించేది ఇదే. బుడిపెలు అచ్చులో గాలి పోవడానికి పెట్టిన సన్న రంధ్రాల గుర్తులు. 1880ల చివరి నుంచి అవి మామూలయ్యాయి.

మీ ఒహాయోలోనే టోలీడోలో మైకేల్ ఓవెన్స్ 1903 నాటికి సీసాలు తనంతట తానే చేసే యంత్రం తెచ్చాడు. యంత్రం చేసిన సీసాకు అతుకు గీత మూతి పైఅంచు దాటి పోతుంది. ఓవెన్స్ యంత్రం గాజును పీల్చుకుని కోసేటప్పుడు అడుగున ఒక మచ్చ వదులుతుంది. మీ సీసాకు రెండూ లేవు. అంతమాత్రాన 1903కు ముందుదని అనకండి, చాలా కార్ఖానాలు ఆ తర్వాత కూడా ఏళ్లపాటు నోటితోనే ఊదాయి. 1910లు గడిచేకొద్దీ యంత్రానిదే పైచేయి అయింది.

ఇక వంగపండు రంగు. గాజులో ఇసుకతో పాటు వచ్చే ఇనుము వల్ల పచ్చఛాయ వస్తుంది. అది కనపడకుండా మాంగనీస్ కలిపేవారు. ఆ మాంగనీస్ ఉన్న గాజు ఎండలో ఏళ్ల తరబడి ఉంటే, అతినీలలోహిత కిరణాలకు ఊదా రంగు తిరుగుతుంది. మొదటి ప్రపంచ యుద్ధం నాటికి మాంగనీస్ తగ్గి సెలీనియం వాడకం పెరిగింది. ఆ గాజు ఊదా తిరగదు, లేత గడ్డి రంగు వస్తుంది.

ఒక్క మాట గుర్తుపెట్టుకోండి. మట్టిలో ఎండ తగలదు, మట్టి కింద గాజు ఊదా తిరగదు. మీ సీసా పూడిపోకముందే ఏ కిటికీలోనో, వసారా గట్టు మీదో చాలాకాలం ఎండలో ఉండి ఉండాలి.

బే_ఏరియా_అక్క

ఊదా రంగు సంగతి వచ్చింది కాబట్టి నా అనుభవం చెప్తాను, ఎవరికైనా పనికొస్తుంది. మూడేళ్ల కిందట ఒక ఆన్‌లైన్ అమ్మకందారు దగ్గర గుమ్మడిగింజ ఆకారం జేబు సీసా కొన్నాను. చిక్కటి ఊదా, నేరేడు పండు రంగు. వంద డాలర్ల పైనే పోశాను. ఇంటికొచ్చాక ఇక్కడి సీసాల సంఘంలో చూపిస్తే, రేడియేషన్ యంత్రంలో పెట్టి రంగు తెప్పించిందని చెప్పారు. సహజంగా ఎండకు వచ్చేది చాలావరకు లేత రంగే. గాజు పాతదే, కానీ రంగు నిన్నటిది. అలా చేశాక దాన్ని ఎవరూ కొనరు. ఆ రోజు చాలా బాధపడ్డాను.

మా శాన్‌ఫ్రాన్సిస్కోలో హోటలింగ్ విస్కీ సీసాలంటే ప్రాణం పెడతారు. జె.హెచ్. కట్టర్ బ్రాండ్‌కు హోటలింగ్ కంపెనీ ఏజెంటు. 1906 భూకంపం తర్వాత చెలరేగిన మంటల్లో ఊరు చాలావరకు కాలిపోయినా జాక్సన్ వీధిలో వాళ్ల గోదాము మిగిలింది. ఆ భవనం ఇప్పటికీ ఉంది, వెళ్లి గోడ మీద చెయ్యి వేసి వచ్చాను. ఇక్కడ సీసా దొరికితే మొదటి ప్రశ్న 'భూకంపానికి ముందా, తర్వాతా?' అనే. మీ డేటన్‌కు అలాంటి గీత 1913 వరద అవుతుందేమో చూడండి తమ్ముడూ.

పాతకాగితాలు (కొలంబస్, ఒహాయో)

గోంగూరమడి గారూ, గాజు చెప్పాల్సింది గాజుపెంకు గారు చెప్పేశారు. నేను కాగితాల మనిషిని. హేనర్ గురించి కాగితాలు బోలెడు దొరుకుతాయి, ఎందుకంటే వాళ్లు పోస్టు ఆర్డర్ వ్యాపారులు. దేశమంతా పత్రికల్లో ప్రకటనలు వేశారు.

కథ క్లుప్తంగా: లూయిస్ హేనర్ డిస్టిలరీ మీకు ఇరవై మైళ్ల దూరంలోని ట్రాయ్‌లో ఉండేది. 1866 నుంచి ఉన్నామని ప్రకటనల్లో చెప్పుకునేవారు. ఆయన తర్వాత విలియం హేనర్ చేతికి వచ్చింది. సెలూన్లనే మద్యం కొట్లకూ టోకు వర్తకులకూ అమ్మే బదులు నేరుగా ఇంటికే పంపే పద్ధతి పెంచింది ఆయనే, ఆఫీసు డేటన్‌కు మార్చిందీ ఆయనే. 'నాలుగు నిండు క్వార్టులు, 3 డాలర్ల 20 సెంట్లు, రవాణా ఖర్చు మాదే' అన్నది ఆ ప్రకటనల పల్లవి. క్వార్టు అంటే దాదాపు లీటరు. ఏడేళ్ల రై విస్కీ, పైన ఏ గుర్తూ లేని పెట్టెలో, లోపల ఏముందో ఇరుగుపొరుగుకు తెలియకుండా పంపుతామని రాసేవారు. పశ్చిమాన ఉన్న దూర రాష్ట్రాలకైతే ఇరవై క్వార్టులు తెప్పించుకోవాలని షరతు.

లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ వాళ్ల 'క్రానిక్లింగ్ అమెరికా' తెరిచి చూడండి, ఉచితం. 'హేనర్' ఒక్కమాటే కొడితే వేలల్లో వస్తాయి. దాని పక్కన 'అట్లాంటా' చేర్చి, ఏడాది ఏడాదీ విడిగా వెతకండి. పాత అచ్చును యంత్రం తప్పుగా చదువుతుంది, కాబట్టి పేరు స్పెల్లింగ్ ఒకటి రెండు రకాలుగా మార్చి కూడా ప్రయత్నించండి. మీ సీసా మీదున్న నాలుగు ఊళ్లూ ఒకేసారి ఏ ఏళ్ల ప్రకటనల్లో కనిపిస్తాయో రాసుకోండి. అమ్మాయికి ఆ పని అప్పగించండి, పిల్లలకు ఓపిక ఎక్కువ.

ఇంకొక ముఖ్యమైన ఆధారం మీ సీసా మీదే ఉంది. అట్లాంటా! జార్జియా రాష్ట్రం 1908 జనవరి 1 నుంచి మద్యనిషేధం పెట్టింది. ఆ తర్వాత అట్లాంటాలో విస్కీ కొట్టు ఉందని చెప్పుకుంటూ ఎవరూ కొత్త అచ్చు చెక్కించరు.

కెంటకీ తెలుగు (లూయివిల్)

పాతకాగితాలు గారు పట్టుకున్న పాయింట్ బ్రహ్మాండంగా ఉంది. జాతీయ మద్యనిషేధం 1920 జనవరి 17న వచ్చిందని అందరికీ తెలుసు, కానీ రాష్ట్రాలు అంతకు చాలా ముందే ఒక్కొక్కటిగా తలుపులు మూశాయి. మెయిన్ 1851లో, కాన్సస్ 1881లో, వెస్ట్ వర్జీనియా 1914లో, వర్జీనియా, వాషింగ్టన్, కొలరాడో 1916లో. మీ ఒహాయో 1919 మే నెలలో. అందుకని సీసా మీద ఊరి పేరుంటే ఆ రాష్ట్రం ఎప్పుడు మూసిందో చూడటం మొదటి పని.

మద్యం నిషేధించిన 'పొడి' రాష్ట్రాల్లో ఉన్నవాళ్లే పోస్టు ఆర్డర్ విస్కీకి పెద్ద గిరాకీ. రాష్ట్రం లోపల అమ్మకం నిషేధమైనా, బయటి రాష్ట్రం నుంచి వచ్చే సరుకును ఆపే అధికారం రాష్ట్రానికి సరిగా లేదు. 1913లో వెబ్-కెన్యన్ చట్టం ఆ దారికి అడ్డు పెట్టింది. 1917లో రీడ్ సవరణ పొడి రాష్ట్రాలకు విస్కీ పంపడాన్నీ, పోస్టులో మద్యం ప్రకటనలు పంపడాన్నీ నేరం చేసింది. హేనర్ లాంటి వ్యాపారం మీద దెబ్బ అలా పడుతూ వచ్చింది.

మా కెంటకీలో కాగితం చీటీ మిగిలిన సీసాలు ఎక్కువ దొరుకుతాయి, వాటికి పద్ధతి వేరు. 1897 మార్చి 3న 'బాటిల్డ్ ఇన్ బాండ్' చట్టం వచ్చింది. ఒకే డిస్టిలరీలో, ఒకే సీజన్లో కాచినది, ప్రభుత్వ తాళం ఉన్న గోదాములో కనీసం నాలుగేళ్లు పీపాల్లో ఉంచినది, 100 ప్రూఫ్‌లో, అంటే సగం ఆల్కహాల్‌తో, నింపినది అని హామీ. బిరడా మీదుగా పచ్చ కాగితం పట్టీ అతికిస్తారు. దాని మీద కాచిన సీజన్, ఏడాది, సీసాలో నింపిన సీజన్, ఏడాది రెండూ ఉంటాయి.

నా దగ్గర ఒక పింట్ (దాదాపు అర లీటరు) సీసా ఉంది. కాచింది 1916 వసంతం, నింపింది 1928. అమ్మినవాళ్లు 'నిషేధానికి ముందుది' అన్నారు. లోపలి సరుకు నిషేధానికి ముందుదే, కానీ సీసా, చీటీ, నింపడం అన్నీ నిషేధం మధ్యలోవి. అప్పట్లో డాక్టరు చీటీ మీద మందుల షాపులో విస్కీ అమ్మేవారు, అలా అమ్మడానికి కొన్ని కంపెనీలకే లైసెన్సు ఉండేది. ఆ సీసాలు చాలామటుకు పింటువే. వాటి చీటీ మీద 'వైద్య అవసరాలకు మాత్రమే' అని ఉంటుంది.

కొత్తగా కొనేవాళ్లకు ఇంకో గుర్తు. 'ఈ సీసాను తిరిగి అమ్మడం, వాడటం ఫెడరల్ చట్టం నిషేధిస్తుంది' అని గాజు మీద ఉంటే అది 1935 తర్వాతది. 1964 దాకా అలా పోశారు. చీటీ మీద 1906 ఆహార, ఔషధ చట్టం కింద హామీ అని సీరియల్ నంబరు ఉంటే 1907 కంటే ముందుది కాదు.

కొత్తసీసా (డల్లాస్)

అయ్యో, నేను పోయినేడు కొన్నదాని మీద ఆ 'ఫెడరల్ చట్టం' మాటలే ఉన్నాయి! 1900 నాటిదని చెప్పి 60 డాలర్లు తీసుకున్నారు. ఇప్పుడే వెళ్లి చూసి వచ్చాను. అతుకు గీత కూడా మూతి పైదాకా ఉంది. ఈ చర్చ అప్పుడే చదివి ఉంటే బాగుండేది.

గోంగూరమడి గారి సీసా ఎంత పలుకుతుందో ఎవరైనా చెప్పగలరా? వందేళ్లు దాటింది కదా, వేలల్లో ఉంటుందా?

గాజుపెంకు

వేలల్లో ఉండదు. హేనర్ లక్షణంగా అమ్ముకున్న కంపెనీ, సీసాలు చాలా మిగిలాయి. పాత సీసాల మేళాల్లో ప్రతి రెండో బల్ల మీద ఒకటి కనిపిస్తుంది. చీటీ, అసలు బిరడా, పెట్టె అన్నీ ఉంటే వేరు. కానీ గోంగూరమడి గారికి దొరికింది సొంత పెరట్లో, ఎంత లోతులో ఉందో తెలిసి. మేళాలో కొన్న సీసాకు ఆ సమాచారం ఎప్పటికీ దొరకదు. నా దగ్గరున్న రెండు వందల సీసాల్లో ఏ పెరటి నుంచి వచ్చాయో తెలిసినవి పదకొండే, నేను అందరికీ చూపించేవి అవే.

నెల్లూరు_పిల్ల (కొలంబస్, ఒహాయో)

ఇది చదువుతుంటే మా ఊరు గుర్తొచ్చింది, కాస్త పక్కకు వెళ్తున్నందుకు ఏమీ అనుకోకండి. 1992లో మా జిల్లాలో దూబగుంట రోశమ్మ గారూ, ఇంకా ఎందరో ఆడవాళ్లూ సారా దుకాణాల మీద తిరగబడ్డప్పుడు నాకు ఆరేళ్లు. మా అమ్మమ్మ కూడా వెళ్లింది. 1993 అక్టోబరులో సారా ఆగింది, 1995 జనవరి 16న సంపూర్ణ మద్యనిషేధం వచ్చింది. అమెరికాలో 18వ రాజ్యాంగ సవరణకు కావలసినన్ని రాష్ట్రాల ఆమోదం పూర్తయిన తేదీ కూడా జనవరి 16, సంవత్సరం 1919. అది చదివిన రోజు నాకు ఒళ్లు జలదరించింది.

ఇక్కడ కూడా మొదలుపెట్టింది ఆడవాళ్లే. డేటన్‌కు అరవై మైళ్ల దూరంలో హిల్స్‌బరో అనే చిన్న ఊరుంది. 1873 డిసెంబరులో ఎలైజా థాంప్సన్ అనే ఆవిడ ముందు నడవగా ఆడవాళ్లు చలిలో, మంచులో సెలూన్ల ముందు మోకాళ్ల మీద కూర్చుని ప్రార్థనలు చేశారు. మరుసటేడు క్లీవ్‌లాండ్‌లో మహిళల మద్యపాన వ్యతిరేక సంఘం పుట్టింది. మద్యం దుకాణాలను మూయించడానికి పుట్టిన యాంటీ సెలూన్ లీగ్ 1893లో ఓబర్లిన్‌లో మొదలై, 1909లో మా పక్కనున్న వెస్టర్‌విల్‌కు మకాం మార్చింది. వెస్టర్‌విల్ లైబ్రరీలో వాళ్ల మ్యూజియం ఉంది, కరపత్రాలు, పోస్టర్లు అన్నీ దాచారు. అంటే మీ సీసాలో విస్కీ నింపి అమ్మిన కంపెనీ ఉన్న రాష్ట్రంలోనే దాన్ని ఆపాలన్న పోరాటమూ జరిగింది. మీ అమ్మాయిని అక్కడికి తప్పకుండా తీసుకెళ్లండి.

ఇంకొకటి అనిపించింది. మన దగ్గర 80ల్లో 'వారుణి వాహిని' అని ప్రభుత్వమే సారాను పాలిథిన్ ప్యాకెట్లలో పంపింది. మా అమ్మమ్మ పోరాడింది ఆ ప్యాకెట్ల మీదే. ఒక్కటీ మిగల్లేదు. వందేళ్ల తర్వాత మా ఊళ్లో ఎవరైనా పెరడు తవ్వితే దాని ఆనవాలు ఏం దొరుకుతుంది? అమ్మమ్మ మాటలు నేను రికార్డు చేసి పెట్టుకున్నాను, అది ఒక్కటే ధైర్యం.

గోంగూరమడి

నెల్లూరు_పిల్ల గారూ, మీ పోస్టు మా అమ్మకు చదివి వినిపించాను. ఇండియా నుంచి వచ్చి నాలుగు నెలలుగా మా దగ్గరే ఉంది. మందు సీసా ఇంట్లో పెట్టడం ఏమిట్రా, బయట పారెయ్యమని మొదటి రోజు నుంచీ అంటోంది. హిల్స్‌బరో ఆడవాళ్ల సంగతి విన్నాక సీసాను చేతిలోకి తీసుకుని తిప్పి తిప్పి చూసింది. 'దీనివల్ల ఎన్ని ఇళ్లు ఏడ్చాయో' అంది. పారెయ్యమని మళ్లీ అనలేదు.

సరే, వెతుకులాట వివరాలు. అమ్మాయి ప్రకటనల పని మొదలుపెట్టింది. అట్లాంటా, సెయింట్ పాల్ రెండూ కలిసి ఉన్న ప్రకటనలు 1900 తర్వాతి తొలి ఏళ్లలో చాలా కనిపించాయి, తర్వాతివాటిలో ఊళ్ల జాబితా మారిపోయింది. అట్లాంటా పోయి వేరే ఊళ్లు చేరాయి. పాతకాగితాలు గారు చెప్పిన జార్జియా లెక్కతో ఇది సరిపోతోంది. ఒక్కో ప్రకటన ప్రింటు తీసి గోడకు అతికిస్తోంది, హాలంతా విస్కీ ప్రకటనలే.

ఇల్లు 1911దే అయితే సీసా ఎవరిది అన్న ప్రశ్న మాత్రం అలాగే ఉంది. ఏం చెయ్యాలి?

పాతకాగితాలు

ముందుగా కౌంటీ రికార్డులోని 'కట్టిన సంవత్సరం' మీద నమ్మకం తగ్గించుకోండి. పాత ఇళ్లకు అది చాలాసార్లు ఎప్పుడో ఎవరో అంచనాగా వేసిన అంకె. రెండు చోట్ల చూడండి.

ఒకటి, శాన్‌బోర్న్ మ్యాపులు. అగ్నిప్రమాద బీమా కంపెనీల కోసం ఊళ్లలో ఇల్లిల్లూ కొలిచి గీసిన పటాలు ఇవి. ఇటుక ఇల్లు గులాబీ రంగు, కలప ఇల్లు పసుపు. పెరట్లో కొట్టం ఉన్నా గీస్తారు. లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్‌లో ఆన్‌లైన్‌లోనే ఉన్నాయి. మీ స్థలం ఒక్కో ఎడిషన్‌లో ఎలా ఉందో పక్కపక్కన పెట్టి చూడండి.

రెండు, సిటీ డైరెక్టరీలు. ఏటేటా ఊళ్లో ఎవరు ఏ ఇంట్లో ఉంటున్నారు, ఏం పని చేస్తున్నారు అని అచ్చువేసిన పుస్తకాలు. డేటన్ మెట్రో లైబ్రరీ స్థానిక చరిత్ర విభాగంలో అడగండి, అక్కడివాళ్లు ఓపిగ్గా చూపిస్తారు. ఒక జాగ్రత్త: పాతరోజుల్లో ఇంటి నంబర్లు మార్చిన ఊళ్లు చాలా ఉన్నాయి. మీ నంబరుతో కాకుండా, ఏ రెండు అడ్డవీధుల మధ్య ఉందో దాన్ని బట్టి గుర్తుపట్టండి.

సీసా చేసిన ఏడూ, పారేసిన ఏడూ ఒకటే కావాలని లేదు కూడా. ఆ రోజుల్లో బిరడా ఉన్న మంచి క్వార్ట్ సీసాను ఎవరూ వెంటనే పారెయ్యరు. కిరోసిన్, వెనిగర్, ఇంట్లో కాచిన మందులు, ఏదో ఒకటి పోసుకునేవారు. మన అమ్మమ్మలు మాత్రం చెయ్యలేదా? ఊదా ఛాయ గురించి గాజుపెంకు గారు చెప్పింది దీనికి బలం ఇస్తోంది.

గోంగూరమడి

శనివారం ముగ్గురం లైబ్రరీకి వెళ్లొచ్చాం. అమ్మ కూడా వచ్చింది. చెప్తున్నాను వినండి.

1905 డైరెక్టరీలో మా వీధిలో, మా ఇల్లున్న చోటే ఒక ఇల్లు ఉంది! రైలు పెట్టెలు చేసే కర్మాగారంలో పనిచేసే వడ్రంగి, ఆయన భార్య ఉండేవారు. ఇంటి నంబరు వేరు, కానీ అడ్డవీధుల లెక్కన మాదే. మ్యాపులో చూస్తే ఇంటి ఆకారం కూడా ఇప్పుడున్నదానికి సరిపోయింది, వెనక గది ఒక్కటి తర్వాత కలిపారు. అంటే 1911 అన్నది తప్పే. మ్యాపులో వెనక కంచె మూల చిన్న చదరం ఒకటి గీసి ఉంది, కొట్టమో ఏమో తెలియలేదు. సీసా దొరికింది సరిగ్గా ఆ మూలకి మూడు నాలుగు అడుగుల దూరంలో.

లైబ్రరీలో పెద్దావిడ ఒకరు వరద ఫొటోలు కూడా చూపించారు. 1913 మార్చి 25న కట్టలు తెగి నది ఊళ్లోకి వచ్చినప్పుడు రెండో అంతస్తు కిటికీల దాకా నీళ్లు వచ్చిన వీధులున్నాయి. లోయ మొత్తంలో 360 మందికి పైగా పోయారు. నేషనల్ క్యాష్ రిజిస్టర్ కర్మాగారంలో పడవలు చేసి జనాన్ని కాపాడారట. మా వీధి కూడా మునిగిన భాగంలోనే ఉంది. ఫొటోలో మా వీధి మలుపు చూసి అమ్మాయి చాలాసేపు మాట్లాడలేదు.

అయితే సీసా వరదలో కొట్టుకొచ్చిందా?

గాజుపెంకు

కొట్టుకొచ్చి ఉండొచ్చు. సగం నీళ్లతో బిరడా బిగించి ఉన్న సీసా తేలుతుంది, దూరం పోతుంది. కానీ సీసా చుట్టూ మట్టి ఎలా ఉందో గుర్తుందా? వరద తెచ్చిన ఒండ్రు సన్నగా, మెత్తగా, ఒకే రంగులో పొరగా ఉంటుంది. బూడిద, బొగ్గు, ఎముక ముక్కలు, పింగాణీ పెంకులు కలిసి ఉంటే మాత్రం అది ఇంటివాళ్లు పోసుకున్న చెత్త. మ్యాపులో ఆ మూలన ఉన్న చదరం నాకు ఆశ కలిగిస్తోంది. కొట్టమైనా కావచ్చు, దొడ్డి అయినా కావచ్చు. మురుగు పైపులు రాకముందు ప్రతి ఇంటికీ వెనక మూలన మరుగుదొడ్డి గొయ్యి ఉండేది, చెత్తంతా అందులోకే.

మళ్లీ పార పట్టే ముందు 811కి ఫోన్ చేసి గ్యాస్, కరెంటు లైన్లు గుర్తు పెట్టించండి. అది ఉచితమే. నాలుగడుగుల కంటే లోతుకు ఒంటరిగా దిగొద్దు, పాత గోతుల గోడలు చెప్పాపెట్టకుండా కూలతాయి. ఇద్దరు చనిపోయారని విన్న రోజు నుంచి నేను గోతుల్లోకి దిగడం మానేశాను.

కెంటకీ తెలుగు

సీసా కడిగేటప్పుడు జాగ్రత్త. నీళ్లలో రెండు రోజులు నానబెట్టి మెత్తటి కుంచె వాడండి. చల్లటి సీసాలో వేడినీళ్లు పొయ్యకండి, పగులుతుంది. గాజు మీద ఇంద్రధనుస్సు పొరలా మెరుస్తుంటే గీకొద్దు, అది మట్టిలో గాజు పైపొర కరిగిన గుర్తు. ట్రాయ్‌లో విలియం హేనర్ గారి భార్య మేరీ జేన్ 1914లో పూర్తి చేసిన ఇల్లు ఇప్పుడు ఊరి సాంస్కృతిక కేంద్రం. కంపెనీ వస్తువులు అక్కడ చూడొచ్చు. మీకు అరగంట ప్రయాణం.

గోంగూరమడి

811 వాళ్లు వచ్చి జెండాలు పాతి వెళ్లారు, ఆ మూలన లైన్లేమీ లేవు. ఈ ఉదయం తోటపని కరణెతో రెండు అడుగుల వెడల్పున మెల్లగా తీశాను. మట్టి నల్లగా, బూడిదతో ఉంది. బొగ్గు ముక్కలు, తెల్ల పింగాణీ పెంకులు, గొడ్డు ఎముక, ఒక తెల్ల గాజు గుండీ. ఒండ్రు పొర పైన వేలెడు మందాన విడిగా కనిపించింది, సీసా దొరికిన మట్టి దాని కిందది. అంటే సీసా వరదకు ముందే ఇక్కడ పడింది!

మూడో అడుగులో ఇటుకలు తగిలాయి. వరసగా, కొద్దిగా వంపు తిరిగి ఉన్నాయి. అక్కడితో ఆపేశాను. ఫొటోలు తీశాను, ఇటుక పైఅంచు నేలకు 34 అంగుళాల లోతు.

గాజుపెంకు

వంపు తిరిగిన ఇటుకలంటే గోతి గోడే. చాలా సంతోషం! ఇంక దించకండి. దొరికిన ప్రతి పెంకునూ విడి సంచిలో వేసి, లోతు, కంచె నుంచి దూరం రాసిపెట్టండి, గుండీతో సహా. రైట్ స్టేట్ యూనివర్సిటీలో స్థానిక చరిత్ర చూసేవాళ్లను అడిగి, ఎవరైనా వచ్చి చూస్తారేమో కనుక్కోండి. వచ్చే నెల మొదటి వారాంతం నేనూ కారులో వస్తాను, ఇంట్లో అభ్యంతరం లేకపోతే.

గోంగూరమడి

తప్పకుండా రండి, భోజనం మా ఇంట్లోనే. గుంట మీద చెక్కలు కప్పి చుట్టూ తాడు కట్టాను. బీర పాదు ముందు పెరట్లోకి మార్చాం. సీసా హాల్లో కిటికీకి దూరంగా, నీడలో పెట్టాం, రంగు ఇంకా మారకుండా. దాని కింద అమ్మాయి కార్డు రాసి పెట్టింది: '1897 నవంబర్ 30 తర్వాత, 1908కి ముందు చేసి ఉండాలి. కొన్నాళ్లు ఎండలో ఉంది. 1913 వరదకు ముందే మా పెరట్లో పడింది. తాగింది ఎవరో తెలియదు.' చివరి వాక్యం కింద పెన్సిలుతో ఇంకొకటి చేర్చింది: 'వడ్రంగి గారి 1910 జనగణన కాగితం చూడాలి.'